మందుచీటిలో లేని మాటలు

మంగంపేట పేరు వినగానే ముగ్గురాయి జ్ఞప్తికి వచ్చును. పూర్వపు కడప జిల్లాలో, రైల్వే కోడూరునకు సమీపమున ఉన్న ఈ గ్రామపు గనులు బెరైటీసు ఖనిజమునకు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. చమురు బావులు త్రవ్వునపుడు వాడు బురదకు బరువు చేకూర్చుటకై ఈ రాతిపొడి దేశదేశములకు పోవుచున్నది. రసాయన శాస్త్ర విద్యార్థికి దీని పేరు బేరియం సల్ఫేట్. చక్కగా శుద్ధి చేసిన బేరియం సల్ఫేటును నీటిలో కలిపి రోగిచేత త్రాగించి, ఎక్స్‌రే తీసి, అన్నకోశముయొక్క ఆకారమును వైద్యులు పరీక్షింతురు. అదే బేరియం కార్బనేట్ రూపములో ఎలుకలను చంపు విషము. సల్ఫేట్ జఠర రసములో కరగదు; వచ్చినది వచ్చినట్లే బయటికి పోవును. కార్బనేట్ ఆ రసములోని ఆమ్లముతో కరిగి రక్తములో చేరి, కండరములను, గుండెను దెబ్బతీయును.

మూలకము ఒకటే, ఒకచోట పరీక్షా సాధనము, ఒకచోట ప్రాణాంతకము. మంచిచెడ్డలు పదార్థము పేరులో లేవనియు, దాని రూపములో, మోతాదులో, అది చేరిన శరీరపు స్థితిలో ఉన్నవనియు ఈ ఉదాహరణవలన తెలియును. పాఠశాలలో తరచుగా చెప్పబడు ఈ పాఠము, మనోవ్యాధులకు వాడు మందుల విషయమునకు వచ్చుసరికి మరుగున పడుచున్నది. ఆ మందులను గురించి సామాన్యుని చేతికి అందు వ్రాతలు ఎట్టివి, వానిలో ఏమి ఉన్నది, ఏమి లేదు అని విచారించుట ఇచట ఉద్దేశము.

ముందుగా చరిత్రలోని ఒక కఠినమైన నిదర్శనము చూడదగినది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, లిథియం లవణములు ఉన్మాదమును శమింపజేయునని ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో, ఉప్పు మానవలసిన గుండెజబ్బు రోగులకు ఉప్పునకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ వలన కొందరు మరణించిరి. కేడ్ చికిత్స చేసిన మొదటి రోగి చరిత్ర ఇంకను ఆలోచింపదగినది. ఏండ్ల తరబడి ఉన్మాదముతో బాధపడిన అతడు లిథియంతో బాగుపడి ఇంటికి పోయెను, పనిలో చేరెను. కొన్నాళ్లకు మందు మానెను. జబ్బు తిరిగి వచ్చెను. మరల మందు మొదలిడగా, 1950లో ఆ లిథియం విషప్రభావము చేతనే మరణించెను. మందు మానుటవలన కలుగు కీడు, మందు మితిమీరుటవలన కలుగు కీడు, రెండును ఒక్క జీవితములోనే కనిపించినవి. ఆనాడు లోపించినది మందు కాదు, కొలత.

డెన్మార్కులో మోగెన్స్ స్కౌ 1954లో ప్రకటించిన పరిశోధనలు మొదలుకొని, రక్తములోని లిథియంను కొలుచుచు మందిచ్చు పద్ధతి క్రమముగా స్థిరపడెను. అమెరికా ప్రభుత్వము 1970లో ఈ మందును అంగీకరించెను. జ్వాలా పరీక్షలో లిథియం కెంపు రంగును, బేరియం ఆకుపచ్చ రంగును ఇచ్చునని చూపు ఉపాధ్యాయుడు, అట్టి జ్వాలయొక్క కాంతిని కొలుచు యంత్రముతోనే అనేక సంవత్సరములు రోగుల రక్తములోని లిథియంను లెక్కించిరని కూడ విద్యార్థులకు చెప్పవచ్చును. చాలకాలము వాడువారికి సాధారణముగా లీటరు రక్తరసములో 0.6 నుండి 0.8 మిల్లీమోలు లిథియం ఉండునట్లు చూతురు; అవసరమునుబట్టి కొందరికి ఇంకకొంత హెచ్చుగా ఉంచుదురు. 1.5 దాటినచో ప్రమాద చిహ్నములు తలయెత్తును. మేలునకు, కీడునకు నడుమ ఎడము ఇంత ఇరుకు.

ఇక నేటి స్థితి. చాలమంది రోగులకు ఒక్క మందుతో సరిపోదు. ఉన్మాదము, విషాదము ఒకదాని తరువాత ఒకటి వచ్చు జబ్బు, అనగా బైపోలార్ వ్యాధి, ఉన్న ఒక నడివయస్కుని ఊహింతము. అతడు మంగంపేటలో ముగ్గుపొడి బస్తాలు ఎత్తి జీవించువాడు. అతని మందుచీటిలో నాలుగు పేర్లు ఉన్నవి: మనస్సును నిలకడగా ఉంచుటకు లిథియం; ఉద్రేకమును, భ్రమలను అణచుటకు రిస్పెరిడోన్; ఆ రిస్పెరిడోన్ వలన కలిగిన బిగువును, వణకును తగ్గించుటకు ట్రైహెక్సిఫెనిడిల్; నిద్రకు క్లోనజెపాం. మూడవ మందు జబ్బునకు కాదు, రెండవ మందునకు మందు. ట్రైహెక్సిఫెనిడిల్ నోరు ఎండజేయును, చూపును మసకబరచును, మలబద్ధకము కలిగించును, జ్ఞాపకశక్తిని కొంత తగ్గించును. మలబద్ధకమునకు మరియొక మందు చేరినచో అయిదవ పేరు వచ్చును. ఈ గొలుసు ఎచట మొదలైనదో గుర్తుంచుకొనకపోయినచో, ప్రతి క్రొత్త బాధయు క్రొత్త జబ్బువలె కనిపించును. ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మందులను ముందు జాగ్రత్త పేరుతో అందరికి ఇయ్యరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చియున్నది.

ఈ రోగి చేతికి వచ్చు వ్రాతలలో మొదటిది వైద్యుని మందుచీటి. అందులో మందు పేరు, మోతాదు, ఉదయము, రాత్రి అను గుర్తులు ఉండును. ఏ మందు ఏ పనికి అను మాట సాధారణముగా ఉండదు. మందులు ఇచ్చుటకు ఆ చీటి చాలును. మందులతో జీవించుటకు చాలదు. నాలుగింటిలో ఏది జబ్బునకో, ఏది మరియొక మందునకో తెలియని రోగి, డబ్బు చాలని నెలలో ఏదో ఒకటి మానవలసివచ్చినపుడు, ఖరీదునుబట్టియో, మాత్ర రంగునుబట్టియో నిర్ణయించుకొనును.

రెండవది మందు పెట్టెలో మడిచియుంచు కాగితము. దీనిలో సమాచారము కొరత లేదు. తెలిసిన దుష్ఫలితములన్నియు పట్టీగా ఉండును. అయినను ఇది రోగికొరకు వ్రాసినది కాదు. రిజిస్టరు అయిన వైద్యుని ఉపయోగమునకు మాత్రమే అని అనేక కాగితముల శిరస్సుననే ఉండును, భాష ఇంగ్లీషు, అక్షరములు చీమతలకాయలంత. పెట్టె విప్పి పది మాత్రల షీటు మాత్రమే ఇచ్చు దుకాణములో ఆ కాగితము రోగికి చేరనే చేరదు. చేరినను మరియొక లోపము కలదు. నూటికి పదిమందికి వచ్చు బాధయు, లక్షకు ఒకనికి వచ్చు బాధయు చాలచోట్ల ఒకే వాక్యములో ప్రక్కప్రక్కన నిలుచును. ఏది ఓర్చుకొనదగినది, ఏది మరునాడు వైద్యునికి చెప్పవలసినది, ఏది ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తవలసినది అను విభజన కనబడదు.

వణకు అను ఒక్క మాటను తీసికొన్నచో ఈ లోపము స్పష్టపడును. చేతులు వణకుచున్నవి అని రోగి చెప్పినపుడు మూడు వేరువేరు విషయములు ఉండవచ్చును. చేయి చాచినపుడు వ్రేళ్లు సన్నగా కదలుట లిథియం వాడువారిలో తరచుగా కనిపించునది. అది మోతాదు సవరించినచో తగ్గవచ్చును. ఒడలు బిగుసుకొని, నడక మందగించి, ఊరక కూర్చున్నపుడును చేయి ఆడుట రిస్పెరిడోన్ వంటి మందుల లక్షణము. వణకు పెద్దదై, నడక తూలి, మాట ముద్దగా వచ్చి, వాంతులు, విరేచనములు కూడ ఉన్నచో అది లిథియం మితిమీరిన గుర్తు. తరువాతి మోతాదు వేసికొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను. కాగితములో ఈ మూడింటికి ఒకే మాట. మాట ఒకటే అయినను చేయవలసిన పని మూడు విధములు. ఈ భేదమును చెప్పని వ్రాత ఎంత సమగ్రమైనను, ఉపయోగమున అసంపూర్ణమే.

ఇంకొక లోపము ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది. ఆ కాగితములో ఎండలో పనిచేయు మనుష్యుడు లేడు. వేసవిలో రాయలసీమలో ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. లిథియం శరీరమునుండి మూత్రపిండముల ద్వారా బయటికి పోవును. మూత్రపిండములు దానిని సోడియంవలెనే చూచును. ఒంటిలో నీరు, ఉప్పు తగ్గినపుడు అవి సోడియంను వదలక వెనుకకు పీల్చుకొనును. దానితోపాటు లిథియంను కూడ పీల్చుకొనును. మాత్రల సంఖ్య మారదు, రక్తములోని లిథియం మాత్రము పెరుగును. 1949లో ఉప్పు మానిన అమెరికా రోగులకు జరిగినది ఇదియే. సాయంకాలము నడుము నొప్పికి దుకాణములో కొని వేసికొను డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కూడ లిథియం బయటికి పోవుటను తగ్గించును. రక్తపోటునకు వాడు కొన్ని మందులును అట్టివే. మరియొక ప్రక్క ట్రైహెక్సిఫెనిడిల్ చెమటను తగ్గించును. రిస్పెరిడోన్ వంటి మందులు శరీరము తన వేడిమిని సరిదిద్దుకొను శక్తిని దెబ్బతీయవచ్చును. చెమట పట్టనిచో వడదెబ్బ భయము. చెమట పట్టి తగినంత నీరు త్రాగనిచో లిథియం భయము. క్లోనజెపాం మత్తు ఉదయమునకు తీరకపోయినచో, మిల్లులో తిరుగు యంత్రము ప్రక్కన నిలుచుట మూడవ భయము.

ఇవి ఏవియు అరుదైన వింతలు కావు, వైద్య గ్రంథములలో ఉన్నవే. కాని ఒక్కొక్క మందు కాగితము తన మందును గురించియే ప్రధానముగా చెప్పును. నాలుగు మందులు, ఒక వృత్తి, ఒక ఋతువు కలిసిన చోట ఏమగునో చెప్పు కాగితము ఏ పెట్టెలోను లేదు. మనుష్యుడు మందులను విడివిడిగా మ్రింగవచ్చును గాని, వానితో విడివిడిగా జీవింపడు.

వ్రాత మౌనముగా ఉన్నచోట నోటిమాట ప్రవేశించును. ఒకరు ఏమీ కాదు, వేసికొమ్మందురు. ఇంకొకరు అవి మత్తు బిళ్ళలు, మెదడును తినివేయును, మానివేయుమందురు. ఈ రెండు మాటలును ఒకే తప్పు నుండి పుట్టినవి. రెండును మందును పేరునుబట్టి తీర్పు చెప్పుచున్నవి, కొలతను అడుగుట లేదు. మొదటి మాట నమ్మిన రోగి తన బాధను దాచును. రెండవది నమ్మిన రోగి ఒక్కసారిగా మందు మానును. లిథియంను హఠాత్తుగా మానినచో జబ్బు మరల తీవ్రముగా విజృంభింపవచ్చును. దీర్ఘకాలము వాడిన క్లోనజెపాంను హఠాత్తుగా ఆపినచో మూర్ఛలు రావచ్చును. కావున మానుట కూడ మోతాదు మార్పే; అదియు వైద్యుని లెక్కతో, మెల్లమెల్లగా జరుగవలెను.

నాలుగవ రకపు వ్రాత రోగులే వ్రాసిన స్వీయచరిత్రలు. వీనిలో ప్రసిద్ధమైనది కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ 1995లో ప్రకటించిన ‘ఆన్ అన్‌క్వైయెట్ మైండ్’. ఈమె అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున మనోవైద్య విభాగపు ఆచార్యురాలు. బైపోలార్ వ్యాధిపై ప్రామాణిక గ్రంథము వ్రాసినవారిలో ఒకరు. ఆ జబ్బు ఉన్నవారు కూడ. శాస్త్రము తెలిసియు ఆమె పలుమారులు లిథియం మానెను. జబ్బు తిరిగి వచ్చెను. ప్రాణము మీదికి వచ్చెను. మందు తన్ను బ్రతికించినదని నిస్సంకోచముగా ఒప్పుకొనిన ఆమెయే, అది తన్ను ఎట్లు బాధించినదో కూడ దాచలేదు. వికారము, వాంతులు, తడబడు కదలికలు, మసకబారిన చూపు, అన్నిటికంటె మించి చదువలేకపోవుట. పదేండ్లకు పైగా ఒక గంభీరమైన గ్రంథమును ఆసాంతము చదువలేకపోయినట్లు ఆమె తెల్పినది. పుస్తకమే వృత్తియైన మనిషికి ఇది చిన్న బాధ కాదు.

ఈ గ్రంథములో శాస్త్ర విద్యార్థి ముఖ్యముగా గమనింపవలసినది తరువాతి మలుపు. అనంతరము ఆమెకు లిథియం మోతాదు తగ్గించిరి. చదువుశక్తి తిరిగివచ్చెను, జబ్బు అదుపులోనే ఉండెను. అనగా ఇన్నాళ్లు మందునకు చెల్లించు మూల్యమనుకొన్నది, నిజమునకు మోతాదునకు చెల్లించిన మూల్యము. రక్తపరీక్షలోని అంకె ఈ సంగతిని ఒంటరిగా చెప్పజాలదు. చదువలేకపోవుచున్నానను రోగి మాట కూడ చేరినపుడే లెక్క పూర్తి యగును. దుష్ఫలితమును గూర్చి రోగి చెప్పు మాట ఫిర్యాదు కాదు, అదియు ఒక కొలత. ఈ సత్యమును స్థాపించుటయే ఆ గ్రంథముయొక్క శాశ్వతమైన విలువ.

దాని పరిమితులును చెప్పవలెను. ఆమె తన జబ్బును గూర్చిన పరిభాష తెలిసినవారు. చుట్టును సహోద్యోగులైన వైద్యులు, చేరువలో ప్రయోగశాల. అంత చదువు, అంత అండ ఉన్నవారికే మందు కొనసాగించుట ఇంత కష్టమైనచో, చీటి చదువుటకు మరియొకరిని ఆశ్రయించు వానికి ఎంత కష్టమో ఊహింపవచ్చును. అంతేకాక ఆ గ్రంథమున ప్రధానపాత్ర ఒక్క లిథియంది. నేటి రోగి బాధ పలు మందుల కలయిక. ఆమె ఎదుర్కొనినది పుస్తకము చదువలేని దుఃఖము. మంగంపేటలో అదే మందు వేసికొనువాడు ఎదుర్కొనునది బస్తా ఎత్తలేని దుఃఖము, దినకూలి పోవుట. ఆ అనుభవము తెలుగున ఇంకను అంత నిష్కపటముగా వ్రాయబడవలసియున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడును. దుష్ఫలితములన్నియు చెప్పినచో రోగి భయపడి మందే మానునని కొందరు వైద్యుల అభిప్రాయము. ఇది తీసివేయదగిన వాదము కాదు. కీడు కలుగునను ఎదురుచూపే కొంత కీడును కలిగించునని పరిశోధనలు చూపినవి. అయినను ఇందుకు విరుగుడు మౌనము కాదు, క్రమము. నలువది బాధల పట్టీ భయపెట్టును. తరచుగా వచ్చునవి నాలుగు, ఒక్కొక్కటి వచ్చినపుడు చేయవలసిన పని ఇది అని చెప్పుట ధైర్యమిచ్చును. చెప్పకుండ వదలిన బాధను రోగి ఎట్లును తెలిసికొనును. కాని ఒంటరిగా, అర్ధరాత్రి, తన్ను మోసగించిరను అనుమానముతో తెలిసికొనును. అపుడు పోవునది ఒక మాత్రపై నమ్మకము కాదు, వైద్యునిపై నమ్మకము.

చట్టము కూడ ఈ పక్షముననే ఉన్నది. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టములోని 22వ విభాగము, చికిత్సను గూర్చియు, దాని తెలిసిన దుష్ఫలితములను గూర్చియు రోగికి తెలియజేయవలెననియు, అతనికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో తెలియజేయవలెననియు చెప్పుచున్నది. చట్టపు వాక్యము స్పష్టమే. ఆ వాక్యము తెలుగు మందుచీటిగా మారుటయే మిగిలియున్న పని. ఇది అసాధ్యము కాదు. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించు బళ్ళారి జిల్లాలో, బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 1985 నుండి 1990 వరకు జరిపిన ప్రయత్నములో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులు, సిబ్బంది కొద్దిపాటి శిక్షణతో మనోవ్యాధులకు చికిత్స చేయగలరని తేలినది. 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే మాదిరి. మందును పల్లెకు చేర్చుట సాధ్యమైనపుడు, మందును గూర్చిన మాటను చేర్చుట ఎందుకు సాధ్యము కాదు?

ఆ తెలుగు చీటిలో ఉండవలసినవి ఎక్కువ లేవు. ఈ మందు దేనికొరకు, ఎన్నాళ్ళకు గుణము కనిపించును, తరచుగా వచ్చు బాధలు ఏవి, అందులో కొన్నాళ్ళకు తగ్గునవి ఏవి, ఏ గుర్తు కనిపించినచో అదే దినము ఆసుపత్రికి రావలెను, రక్తపరీక్ష ఎపుడు. లిథియం విషయములో రక్తమును చివరి మోతాదు వేసికొనిన సుమారు 12 గంటల తరువాత తీయవలెను. థైరాయిడ్ గ్రంథి, మూత్రపిండముల పనిని కూడ కొన్ని నెలలకొకసారి చూడవలెను. మంగంపేట వంటి ఊళ్ళకు ఇంకొక రెండు పంక్తులు చేర్చవలెను: ఎండకాలములో నీరు తగ్గనీయకుడు, ఉప్పును హఠాత్తుగా మానకుడు, మిక్కిలిగా పెంచకుడు, వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో, లేదా నొప్పి మాత్ర కావలసివచ్చినచో ముందుగా అడుగుడు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు, కానక్కరలేదు. అయినను కొలుచుట, వ్రాసియుంచుట, పోల్చుట నేర్పువాడు అతడే. ఇంటిలో ఇట్టి మందులు వాడు పెద్దలున్న విద్యార్థి ఒక నోటుబుక్కులో తేదీ, వేసికొనిన మందు, నిద్ర, త్రాగిన నీరు, కనిపించిన బాధ వ్రాసిపెట్టినచో, నెలకు ఒకసారి అయిదు నిమిషములు మాత్రమే చూడగలిగిన వైద్యునికి అది ముప్పది దినముల పరిశీలన యగును. సందేహము వచ్చినపుడు ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

మంగంపేట నుండి రాతిపొడి బయలుదేరుటకు ముందు దాని సాంద్రతను పరీక్షింతురు. చమురు బావులకు పోవు రకమునకు నీటికంటె 4.2 రెట్లు బరువు ఉండవలెనని నియమము. అంకె చూడక కొనువారు లేరు. ఆ బస్తాను మోయువాని రక్తములోని అంకెను, అతడు చెప్పు బాధను అంతే శ్రద్ధతో అడిగి వ్రాసికొను దినమున, మందుచీటి పూర్తియైన వ్రాత యగును.